నాలుక తడిపే విద్య

పోటీలో సగంలో ఆగిపోయినవాళ్ళు కాళ్ళను తిట్టుకుంటారు, ఎండను తిట్టుకుంటారు, ఇంకేదీ దొరక్కపోతే సైకిలు గొలుసును తిట్టుకుంటారు. ఆమెకు ఆ భాగ్యం కూడా లేకపోయింది. కాళ్ళు భేషుగ్గా ఉన్నాయి. ఎండ అందరి మీదా ఒకేలా కాసింది. గొలుసుకు ముందురోజే నూనె పట్టించింది. తన గొంతులోనే ఏమీ పడలేదు.

పరుగులో పదహారో కిలోమీటరు దగ్గర కళ్ళు బైర్లు కమ్మి రోడ్డు పక్కన కూలబడితే, నిర్వాహకులు వ్యానెక్కించి గుడారం ముందు దింపారు. ఈత మాస్టారు అక్కడే ఉన్నారు. ముప్పై ఏళ్ళు ఈత కొలనులో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరై, ఇప్పుడు ఈమెలాంటి నడివయసు మొండిఘటాలకు ఉచితంగా తిట్లు పంచుతున్న మనిషి. ఆయన ఆమె వైపు చూడనైనా చూడకుండా సైకిలు దగ్గరికి వెళ్ళి, దానికి తగిలించిన రెండు సీసాలూ తీసి వెలుగులోకి ఎత్తి చూశారు. ఒకటి నిండుగా ఉంది. రెండోది వేలెడు తగ్గింది.

"ఇవెందుకు తీసుకెళ్ళావమ్మా, ఊరేగించడానికా?"

"తాగాను మాస్టారూ."

"ఎంత?"

ఆమె ఆలోచించింది. నాలుక తడుపుకున్న గుర్తుంది. మింగిన గుర్తు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ ఈత, ఒడ్డెక్కగానే తొంభై కిలోమీటర్ల సైకిలు, సైకిలు దిగగానే ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. అంతా కలిపి ఎనిమిదిన్నర గంటల్లో అయిపోవాలి. దాన్ని ట్రయథ్లాన్ అంటారని అందరికీ చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పెట్టింది. ఇంటాయన మాత్రం దానికి 'మూడు పీడలు' అని పేరు పెట్టుకున్నాడు. మొదటి ఏడాది పద్నాలుగో కిలోమీటరు దగ్గర పడిపోయింది, ఈ ఏడాది పదహారు. "ఏడాదికి రెండు చొప్పున బాగుపడుతున్నావు, ఇంకో మూడేళ్ళకు చేరిపోతావులే" అన్నాడాయన ఇంటికొచ్చాక. ఆమెకు నవ్వు రాలేదు. వచ్చే ఏడాది కూడా ఇంతే అయితే సైకిలు ఎవరికైనా ఇచ్చేస్తానంది. ఊరికే అనే మనిషి కాదు. ఇంట్లోనూ డ్యూటీలోనూ నలభై నాలుగేళ్ళుగా ఎవరో ఒకరు చెప్పిన పనే చేస్తూ వచ్చింది, తనంతట తాను ఎంచుకున్నది ఈ ఒక్కటే. అందుకే అది చేతికందీ నోటికందకుండా పోతుంటే ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

ఆమె బస్సు డ్రైవరు. పందొమ్మిదేళ్ళుగా ఏడో నంబరు రూటు. పొద్దున ఐదూ ఇరవైకి డిపో నుంచి బండి తీస్తే మధ్యాహ్నం రెండింటికి దిగుతుంది. ఆ రూటు చివరి స్టాపులో ఒక ఇనప స్తంభం, దాని మీద నంబరు, ఒక బల్ల, ఎదురుగా కంచె వేసిన కరెంటు సబ్‌స్టేషను ఉంటాయి. అంతకు మించి ఏమీ లేదు. బండి తిప్పుకుని బయల్దేరడానికి ఆరు నిమిషాలు. మగ డ్రైవర్లు సబ్‌స్టేషను గోడ వెనక్కి వెళ్ళొస్తారు. ఆడవాళ్ళు ఎక్కడికి వెళ్తారని పందొమ్మిదేళ్ళలో ఒక్కరూ అడగలేదు. ఎందుకంటే ఆడవాళ్ళు ఎక్కడికీ వెళ్ళరు.

అదెలా సాధ్యమంటే, దానికో విద్య ఉంది. ఆమె చేరిన మొదటి రోజు ఒక పెద్దామె చెవిలో చెప్పింది: "నాలుక తడుపుకో. మింగకు." పొద్దున లేచాక అరగ్లాసు నీళ్ళు, ఆ తర్వాత రెండింటి దాకా నోరు తడపడమే. మొదటి నెల తల పగిలిపోయేది, రెండో నెలకు అలవాటైంది. ఆ పెద్దామె రిటైరయ్యాక ఆ ఉపదేశం చేసే పని ఈమె మీద పడింది. కొత్తగా వచ్చిన ప్రతి ఆడ డ్రైవరుకూ తనే చెప్పింది. అలా పది మంది. అందరిలోకీ ఎక్కువసేపు ఓర్చుకునేది తనే కాబట్టి డిపోలో ఆమెకు 'ఒంటెక్క' అని పేరు. ఆ పేరును ఇన్నేళ్ళూ బిరుదులాగానే మోసింది, పిచ్చిది.

సైకిలెక్కి రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి కళ్ళు రోడ్డు మీద నిలిపిందంటే చాలు, ఆమె ఒంటికి అది డ్యూటీ అయిపోతుంది. గొంతు దానంతటదే తాళం వేసుకుంటుంది. ఇది మాస్టారికి చెబితే ఆయన తిట్టలేదు, బడి పిల్లలు రాసుకునే నోటు పుస్తకం ఒకటి తీశారు.

"కాళ్ళకు నేర్పినట్టే కడుపుకూ నేర్పాలి. తినడం కూడా సాధనే."

అక్కణ్ణుంచి ఆమె బతుకు గ్రాముల్లోకీ గుటకల్లోకీ వెళ్ళిపోయింది. గంటసేపు సైకిలు తొక్కించి ముందూ వెనకా తూకం వేస్తే కిలో పైగా తగ్గింది, అదంతా చెమటే. చేతి గడియారం పావుగంటకోసారి మోగాలి, మోగినప్పుడల్లా రెండు పెద్ద గుటకలు. నీళ్ళలో పంచదార, ఉప్పు, నిమ్మరసం. గంటకు యాభై అరవై గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్ళాలని మాస్టారి లెక్క. ఇంటాయన బడి క్యాంటీనులో వంటవాడు, కాబట్టి ఆ పని తన నెత్తిన వేసుకున్నాడు. చిన్న బంగాళాదుంపలు ఉడికించి ఉప్పు చల్లి సంచుల్లో పెట్టేవాడు, రొట్టె ముక్కలకు తేనె రాసి మడిచేవాడు. మొదటి ఆదివారం ఆ సంచులు వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొచ్చాయి.

"నాలుగొందల మంది పిల్లలు తింటారు నా చేతి వంట. నీకే పట్టదు" అన్నాడు.

"పట్టక కాదండీ. లోపలికి పోవడం లేదు."

"పోనీ ఉప్పెక్కువైందా?"

"మీ ఉప్పు గురించి కాదండీ, నా ఖర్మ గురించి."

రెండో ఆదివారం పంతం పట్టి గడియారం మోగినప్పుడల్లా తాగింది, తినమన్నదంతా తింది. రెండో గంటలో కడుపు తిప్పేసి, నలభయ్యో కిలోమీటరు రాయి పక్కన తిన్నదంతా కక్కింది. మూడో ఆదివారమూ అంతే, నాలుగో ఆదివారమూ అంతే. ఎదురొచ్చిన ప్రతివాడూ సలహా ఇచ్చేవాడే. తేనె మానెయ్యమని ఒకడు, తేనే తాగమని ఒకడు, అసలు పరగడుపున తొక్కితే కొవ్వు కరిగి శక్తి వస్తుందని ఇంకొకడు. వాడు జన్మలో సైకిలెక్కలేదు. విని విని ఆమెకు విసుగొచ్చి, మనుషులు కనిపిస్తే తల పక్కకు తిప్పుకునే స్థితికి వచ్చింది.

చివరికి మాస్టారే పట్టుకున్నారు. "వారంలో ఆరు రోజులు కడుపును ఎండబెట్టి ఏడో రోజు వరద తెస్తే అది మాత్రం ఏం చేస్తుంది? డ్యూటీలో తాగు."

"డ్యూటీలో తాగితే..."

"తెలుసమ్మా. అయినా తాగు."

చెప్పడానికి ఎంత తేలిక. సోమవారం ఆమె ఎర్రలైటు పడ్డ ప్రతిచోటా రెండు గుటకలు మింగింది. రెండో ట్రిప్పు సగంలో మొదలైంది నరకం. చివరి స్టాపుకు వెళ్ళేసరికి నుదుటి మీద చెమటలు. స్టాపుకు కాస్త ముందు ఫర్నిచరు షోరూము ఒకటుంది. అక్కడికి పరుగెత్తి అడిగితే, కొనేవాళ్ళకే అన్నాడు కాపలావాడు. సోఫా కొంటానయ్యా, ముందు పోనియ్యి అందామనుకుంది. అనలేదు. నవ్వితే ప్రమాదం.

నాలుగు రోజులు అలా గడిచాయి. ఐదో రోజు ముప్పై మంది ప్రయాణికులతో వెళ్తూ, ఇక బ్రేకు మీద కాలు నిలవని దశలో, పెట్రోలు బంకు ముందు బస్సు ఆపి, తాళం చేత్తో పట్టుకుని దిగి పరుగెత్తింది. ఆరు నిమిషాలు. తిరిగొచ్చేసరికి ఒకాయన గడియారం చూపిస్తున్నాడు, ఒకామె ఫోనులో వీడియో తీస్తోంది. సాయంత్రానికి అది డిపో మేనేజరు ఫోనులోకి చేరింది, పొద్దున్నే మెమో వచ్చింది.

డిపోలో ఆడవాళ్ళంతా ఆ రోజు ఆమె చుట్టూ మూగారు. అదే రూటులో రెండో బండి నడిపే పొడుగమ్మ అయితే ఆమె చెయ్యి వదల్లేదు. తను పాఠం చెప్పిన పది మందిలో ఆఖరిది ఈ పొడుగమ్మే. గుమ్మం తగిలేంత ఎత్తు, కోపం కూడా అంతే. "మంచి పని చేశావక్కా. ఇన్నేళ్ళకు ఒకరు బండి ఆపారు. మనమంతా కలిసి అర్జీ పెడదాం, చివరి స్టాపులో ఒక్క గది కట్టమని. మొదటి సంతకం నీదే" అంది.

"ముందు ఈ మెమో సంగతి తేలనీ" అంది ఆమె.

మేనేజరు గది చిన్నది. బల్ల మీద అద్దం, అద్దం కింద డ్యూటీ చార్టులు. ఆయన కుర్చీ వెనకాల ఒక తలుపు, తలుపు మీద 'మేనేజరుకు మాత్రమే' అని చీటీ. ఆ చీటీ కనబడేలాగే ఆమెను కూర్చోబెట్టాడు.

"ఒంట్లో ఏమైనా ఇబ్బందామ్మా?"

"లేదు సార్. నీళ్ళు తాగాను. అంతే."

"మరి ఇన్నేళ్ళూ?"

"తాగలేదు సార్."

"ఇప్పుడెందుకు తాగుతున్నారు?"

నీళ్ళెందుకు తాగుతున్నావని అడిగితే ఎవరైనా ఏం చెబుతారు. ఆయన కాగితాలు సర్దుకుంటూ, ప్రయాణికులను రోడ్డు మీద వదిలి దిగినందుకు మూడు నెలలు ముక్కల డ్యూటీ వెయ్యాలన్నాడు. అంటే పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు, ఆదివారాలు కూడా. "ఉప్పు తిన్నవాళ్ళు నీళ్ళు తాగాలి కదమ్మా, రూలు రూలే" అన్నాడు. నీళ్ళు తాగినందుకే ఆమె అక్కడ కూర్చుందన్న సంగతి ఆయనకు తట్టినట్టు లేదు.

పోటీ ఏడు వారాల్లో ఉంది. అదీ ఆదివారమే. ఆదివారాలు పోతే సాధన పోతుంది, పోటీయే పోతుంది. ఆమె ముఖం చూసి ఆయన గొంతు తగ్గించాడు.

"నాకూ మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని లేదు. ఆరోగ్యం బాగోక ఆపానని రెండు వాక్యాలు రాసివ్వండి. ఫైలు మూసేస్తాను. మీ ఒక్కరికే పెట్రోలు బంకు దగ్గర ట్రిప్పుకు నాలుగు నిమిషాలు ఆపుకోవడానికి అనుమతి చీటీ కూడా ఇస్తాను."

ఆమె రాసింది. 'ఇది నా సొంత ఆరోగ్య సమస్య' అన్నది ఒక వాక్యం. రెండోది ఆయన చెప్పాడు: 'రూటులోని సౌకర్యాలకూ దీనికీ సంబంధం లేదు.' అక్కడ ఆమె కలం ఒక్క క్షణం ఆగింది. ఇదెవరు చూడొచ్చారులే అనుకుంది, పూర్తి చేసి సంతకం పెట్టింది.

చీటీ చూసి పొడుగమ్మ ఆశ్చర్యపోయింది. "ఎలా ఇచ్చాడక్కా?"

"అడిగాను, ఇచ్చాడు."

అది సగం అబద్ధం. మిగతా సగాన్ని నీళ్ళతో పాటు మింగేసింది. ఆమెకు ఇచ్చారంటే మాకూ ఇస్తారని మిగతావాళ్ళు హుషారుగా అర్జీ రాసుకొచ్చారు. పోటీ అయ్యాక సంతకం పెడతానని ఆమె తప్పించుకుంది. వాళ్ళు నొచ్చుకుని, పది సంతకాలతోనే ఇచ్చేశారు.

అయితే నీళ్ళు మాత్రం పనిచేశాయి. రోజూ ఎనిమిదిన్నర గంటలు కొద్దికొద్దిగా తాగుతూ వచ్చేసరికి రెండు వారాల్లో కడుపు దారికొచ్చింది. మూడో వారం ఆదివారం డెబ్భై కిలోమీటర్లు తొక్కి, ఇంటాయన సంచులు ఖాళీగా తెచ్చి ఆయన ముందు పడేసింది. ఆయన ఒక్కో సంచీ తిరగేసి చూశాడు. "ఎక్కడన్నా పారబోయలేదు కదా" అన్నాడు. అని, కళ్ళు తుడుచుకోవడానికి వంటింట్లోకి వెళ్ళాడు. కానీ ఆమెకు సంతోషం నిలవలేదు. బంకు దగ్గర బస్సు ఆపిన ప్రతిసారీ, ఎదురుగా వచ్చే పొడుగమ్మ బండి ఆగకుండా వెళ్ళిపోయేది. పెదవులు ఎండిపోయి, చూపు ముందుకే పెట్టుకుని వెళ్ళేది. అది చూసినప్పుడల్లా ఆమెకు తన మీదే చిరాకు పుట్టి, ఆ చిరాకును బస్సు గేర్ల మీద తీర్చుకునేది.

పోటీ రోజు ఈత గడిచింది, సైకిలు గడిచింది. గడియారం మోగింది, తాగింది, తింది, కడుపు ఎదురు తిరగలేదు. పరుగులో పదకొండో కిలోమీటరు దగ్గర ఒంటికి వెళ్ళాల్సి వచ్చింది. రోడ్డు పక్కన నీలం ప్లాస్టిక్ గదులు వరసగా ఆరు ఉన్నాయి. వాటి ముందు తెల్లచొక్కా కుర్రాడొకడు 'ఇటు ఖాళీ ఉందండీ' అని మర్యాదగా చెయ్యి చూపించాడు. లోపల గడియ పెట్టుకుని కూర్చున్నాక ఆమెకు లెక్క తట్టింది. సైకిలు దారిలో ఇలాంటివి ఎనిమిది చోట్ల చూసింది, పరుగు దారిలో ఇది నాలుగోది. ఒక్క రోజు, సరదాకు పరుగెత్తే జనం కోసం. ఆమెకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో ముందు తెలియలేదు. తన మీదేనని తెలిశాక ఆ గదిలో కూర్చోలేక బయటికొచ్చి మళ్ళీ పరుగందుకుంది.

పద్నాలుగు దాటింది, పదహారు దాటింది. గీత దాటేసరికి ఎనిమిది గంటల పందొమ్మిది నిమిషాలు, ఇంకా పదకొండు నిమిషాలు మిగిలే ఉంది. మాస్టారు నోటు పుస్తకం మూసి సంచీలో పెట్టుకున్నారు, ఒక్క తిట్టూ తిట్టలేదు. ఇంటాయన ఆమెను పట్టుకుని వదల్లేదు. మూడేళ్ళు ఆ క్షణం కోసమే బతికింది కదా, ఆమె కూడా ఏడ్చింది. ఆ ఏడుపు అచ్చంగా సంతోషానిదేనని మాత్రం చెప్పలేం.

మర్నాడు ఐదింటికి డిపోకు వెళ్ళేసరికి నోటీసు బోర్డు దగ్గర ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఆమెను చూసి దారిచ్చారు. బోర్డు మీద ఒక పక్క ఆమె ఫొటో, కింద 'మన డిపో గర్వం' అని రంగు అక్షరాలు. రెండో పక్క అర్జీకి జవాబు. ఏడో నంబరు రూటులో సీనియరు డ్రైవరుకు కలిగిన ఇబ్బంది ఆమె సొంత ఆరోగ్య సమస్య మాత్రమేననీ, రూటులోని సౌకర్యాలకు దానితో సంబంధం లేదనీ ఆమే స్వయంగా రాసిచ్చినందున, పది మంది మహిళా డ్రైవర్ల అర్జీ తిరస్కరించడమైనది. సాక్ష్యంగా కాగితం నకలు కూడా జోడించారు. ఆమె చేతిరాత గుండ్రంగా, స్పష్టంగా ఉంటుంది. దూరం నుంచి కూడా చదవొచ్చు.

"పోటీ పూర్తి చేశావటగా అక్కా" అంది పొడుగమ్మ. "సంతోషం."

ఆ మాటలో ఎకసెక్కెం ఉన్నా బాగుండేది. లేదు. ఆమె చెవులు వేడెక్కాయి. మేనేజరు రాయమన్నాడు అనొచ్చు. కలం పట్టుకున్న చెయ్యి ఆయనది కాదు.

డ్యూటీ చీటీలు రాసే టైమ్‌కీపరు కిటికీ దగ్గర దారంతో కట్టిన కలం ఉంటుంది. ఆమె దారం తెంపి కలం తెచ్చి, నోటీసు కింద మిగిలిన తెల్లజాగాలో రాసింది. 'నాకు ఏ జబ్బూ లేదు. పోటీకి వెళ్ళడం కోసం పై కాగితంలో అబద్ధం రాశాను. ఏడో నంబరు చివరి స్టాపులో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. అందుకే మేం ఎవరం డ్యూటీలో నీళ్ళు తాగం. ఇన్నేళ్ళూ తాగొద్దని వీళ్ళకు నేర్పింది నేనే.' కింద సంతకం, ఉద్యోగి నంబరు. జేబులోంచి అనుమతి చీటీ తీసి పక్కనే గుచ్చింది.

టైమ్‌కీపరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ముక్కల డ్యూటీ ఖాయం అక్కా. మీ ఆదివారాలు పోయినట్టే."

"పోనీ" అంది ఆమె.

పొడుగమ్మ రాసిందంతా మొదటి నుంచి చివరి దాకా నెమ్మదిగా చదివింది. ఆమె వైపు తిరిగినప్పుడు కళ్ళలో నీళ్ళున్నాయి, గొంతులో మాత్రం లేవు.

"ఇది నెలన్నర కిందట రాయాల్సింది."

"అవును" అంది ఆమె.

పొడుగమ్మ తన బండి వైపు వెళ్ళిపోయింది. ఆ పొద్దున ఏడో నంబరు బస్సులు రెండూ ఆలస్యంగానే బయల్దేరాయి.